తాళపుచెవి అప్పగించుటకు ముందు



మా మొగల్తూరులోను, దాని చుట్టుపట్ల పల్లెలలోను ఈ ఇరువది ముప్పది సంవత్సరములనుండి ఒకవిధమైన అమ్మకము తరచుగా కనబడుచున్నది. పూర్వము ఇల్లుగాని పొలముగాని అమ్మువాడు సాధారణముగా మరియొకటి కొనుటకే అమ్మెడివాడు. దూరపు చేనమ్మి ఊరి చెంతనున్న చేను చేజిక్కించుకొనుటయో, పెంకుటిల్లమ్మి మేడ కట్టుకొనుటయో వాని ఉద్దేశముగా నుండెడిది. ఇప్పుడట్లు కాదు. కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడి, కూతురు విశాఖపట్టణముననో రాజమహేంద్రవరముననో కాపురముండి, తల్లియో తండ్రియో ఒక్కరు మాత్రమే మిగిలి, వానకాలమున మండువాలో నీరు తోడిపోయుటకైనను మనిషి దొరకని స్థితిలో, ఇంక ఇచ్చట మనకేమున్నదని ఇల్లమ్మివేసి, మరెక్కడను గజము నేలయైనను కొనక, బిడ్డల పంచకు చేరుచున్నారు. అట్టివారికి న్యాయశాస్త్రము చేయగల సహాయమెట్టిదో ఈ దినమున మీతో ముచ్చటింపదలచినాను.

ఇట్టివారు ప్లీడరు గుమ్మమెక్కుట అరుదు. “కొనేవాడికి కదండీ ప్లీడరు కావాలి, అమ్మేవాడికెందుకు? డబ్బు లెక్కపెట్టుకుని సంతకం పెడితే సరి” అని లోకజ్ఞానము కల పెద్దమనుష్యులే నాతో ననినారు. నలువది సంవత్సరములు నరసాపురపు కోర్టులలో ప్లీడరీ చేసిన నేను చెప్పదలచినదంతయు ఆ ఒక్క మాటకు సమాధానమే. అమ్మి మరల కొనువానికంటె, అమ్మి ఊరకుండువానికే సొంత న్యాయవాది యొక్క అవసరము ఎక్కువ. మరల కొనువాని కాగితములను ఆ రెండవ బేరములోనైన ఎవరో ఒక వకీలు చూచును, అప్పిచ్చు బ్యాంకువారు చూతురు. మొదటి బేరములో జరిగిన పొరపాటును దిద్దుకొనుటకు వానిచేత ఒక స్థిరాస్తి యుండును. కొననివానికి మిగులునవి రెండే రెండు: ఖాతాలోని పైకము, తాను వ్రాసియిచ్చిన దస్తావేజులోని పూచీలు. పైకము ఏటేట తరుగును, పూచీ తరుగదు.

అయినను ఇట్టివానికి ఒక గొప్ప బలము కలదు. వానికి తొందర లేదు. ఇంగ్లండు దేశములో అమ్మువానికొక సొలిసిటరు, కొనువానికొక సొలిసిటరు వేరువేరుగా నుందురు. అచ్చట ఒకని అమ్మకము మరియొకని కొనుగోలుపై ఆధారపడి, అది ఇంకొకని అమ్మకముపై ఆధారపడి, గొలుసువలె సాగి, ఒక లంకె తెగినచో బేరములన్నియు నిలిచిపోవును. మరియొక ఇల్లు కొననక్కరలేని అమ్మకందారు అచ్చట ఆ గొలుసునకు చివరి లంకె. తాను కొనవలసిన ఇంటికై వాడు కాచుకొననక్కరలేదు. మనవైపున అమ్మకందారునకు ఆ స్వేచ్ఛ యున్నది గాని, దానిని వినియోగించుకొను తెలివి చెప్పువారే లేరు. కొనువారు తెచ్చిన దస్తావేజు లేఖరి, కొనువారు చెప్పిన మాటలు వ్రాసి, కొనువారి ఖర్చుతో స్టాంపు కాగితము తెచ్చి, “ఇక్కడ సంతకం పెట్టండి” అనును, వీరు పెట్టుదురు.

కొన్నేండ్ల క్రిందట ఒక కార్తికమాసములో, మొగల్తూరునుండి ఒక వృద్ధురాలు బస్సుమీద నరసాపురము వచ్చి మా అరుగుమీద కూర్చుండెను. ఆమె ఒడిలో ఒక బిస్కత్తుల రేకుడబ్బా యుండెను. “బాబూ, ఇల్లు అమ్మేస్తున్నానండి. ఇంకెక్కడా కొనను. రాజమండ్రిలో అమ్మాయి దగ్గరికి పోతాను. కొనేవాళ్ళు పరాయివాళ్ళు కారు. ఈ అగ్రిమెంటు మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చో లేదో ఒక్కసారి చూసి చెప్పండి” అని ఆమె డబ్బా మూత తీసెను. దానిలో దారముతో కట్టిన ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, భర్త మరణ ధ్రువపత్రము, అట్టడుగున ఆయన 1962లో కొన్నప్పటి విక్రయ దస్తావేజు, అన్నిటిపైన మడత నలగని క్రొత్త అగ్రిమెంటు ఉన్నవి.

ఆ పాత దస్తావేజును నేను దీపము దగ్గరకు పట్టి చదివితిని. సిరా గోధుమవన్నెకు తిరిగినది. వెనుకవైపున రిజిస్ట్రారు సమక్షమున వేసిన వేలిముద్ర నల్లని చింతగింజ వలె నిలిచియున్నది. చెక్కుబందీలో తూర్పున ఒకరి కొబ్బరితోట, దక్షిణమున పుంత, పడమట ఒకరి పెరటిగోడ, ఉత్తరమున ఊరుమ్మడి బాట అని యున్నది. ఆ కొబ్బరితోట ఇప్పుడు మూడు ఇండ్లు. ఆ పుంత ఇప్పుడు సిమెంటు రోడ్డు. ఆ పేర్లుగల మనుష్యులు ఒక్కరును జీవించి లేరు. విస్తీర్ణము ఏడున్నర సెంట్లు, అనగా 363 చదరపు గజములు. క్రొత్త అగ్రిమెంటులో సుమారు 400 గజములని వ్రాసిరి. “ఇదేమిటి పిన్నిగారూ?” అని అడుగగా, “అంతా కలిపి నాలుగువందలుంటుందని మా ఆయన అనేవారండి” అనెను. కొలతలో లేని ముప్పదియేడు గజములను ఆమె అమ్మెదనని మాట యిచ్చుచున్నది. రేపు సర్వేలో ఆ నేల చాలనిచో, ఆ కొరత ఆమె మెడకే చుట్టుకొనును.

అంతకంటె పెద్ద సంగతి వేరొకటి కలదు. ఆ ఇల్లు “నా స్వార్జితము” అని ఆమెచేత చెప్పించుచున్నారు. పన్ను రసీదు ఆమె పేర నున్నది, కరెంటు మీటరు ఆమె పేర నున్నది. కావున ఇల్లు ఆమెదేనని ఆమెయు, కొనువారును మనఃపూర్వకముగా నమ్మియున్నారు. పన్ను రసీదు పన్ను కట్టినందుకు సాక్ష్యము. అది హక్కు పత్రము కాదు. దస్తావేజు భర్త పేర నున్నది. ఆయన వీలునామా వ్రాయక కాలధర్మము నొందెను. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ప్రకారము అట్టివాని స్వార్జితము భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, తల్లి జీవించియున్నచో ఆమెకును సమభాగములుగా సంక్రమించును. అత్తగారు లేరు, కొడుకొకడు, కూతురొకతె. అనగా ఆ ఇంటిలో ఆమెకు మూడవవంతు మాత్రమే కలదు. మిగిలిన రెండు వంతులు బిడ్డలవి. వారు “అమ్మ ఇష్టమే మా ఇష్టము” అని ఫోనులో చెప్పినమాట నిజమే కావచ్చును. అయితే ఫోనులో చెప్పినమాట చేత స్థిరాస్తి బదిలీ కాదు.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి స్త్రీల హక్కును గూర్చి చెప్పవలసియున్నది. ఆ మూడవవంతైనను ఆమెకు సంపూర్ణముగా చెందుట నేటి మాటయే. ఒకప్పుడు వితంతువునకు భర్త ఆస్తిలో జీవితకాలపు అనుభవమే గాని అమ్ముకొను స్వాతంత్ర్యము లేకుండెను. 1956 చట్టములోని 14వ సెక్షను ఆ సంకెల తెంచెను. ఆ సెక్షనుకు నిండు అర్థము చెప్పిన తీర్పు ఒక తెలుగు వితంతువుపై తెచ్చిన వ్యాజ్యమునుండియే పుట్టినది. వడ్డెబోయిన తులసమ్మగారికి భరణము నిమిత్తము 1949లో జరిగిన రాజీవలన కొంత ఆస్తి దక్కినది. ఆమె 1960, 61 ప్రాంతములందు దానిలో కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మినది. ఆమెకు అమ్ము హక్కు లేదని భర్త సోదరుడు దావా తెచ్చినాడు. క్రింది కోర్టులనుండి పైకి ఎక్కి, 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమె సంపూర్ణ స్వామిని యనియు, ఆమె అమ్మకము చెల్లుననియు తీర్మానించెను. ఒక స్త్రీ తన ఆస్తిని అమ్ముకొనుటకై పదునారేండ్లు కోర్టులలో నిలువవలసివచ్చెను. నేడు ఆ హక్కును నిమిషములో సంతకము చేసి వదలుకొను తల్లులను చూచినప్పుడు నాకా కేసు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఆస్తి స్వార్జితము గాక పిత్రార్జితమైనచో కుమార్తెల సంగతి ఇంకను జాగ్రత్తగా చూడవలెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చి, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానముగా జన్మహక్కు నొసగెను. దేశమంతటికిని అట్టి హక్కు 2005 సెప్టెంబరు 9న వచ్చినది. ఆ దినమునకు తండ్రి జీవించియుండనక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో స్పష్టపరచినది. “ఆడపిల్లకు కట్నం ఇచ్చేశాం కదా, ఇంకా సంతకమెందుకు?” అను మాట మావైపు నేటికిని వినవచ్చుచున్నది. కట్నమునకును హక్కునకును సంబంధము లేదు. ఆడపడుచుల సంతకము లేక అమ్మిన పిత్రార్జితము మీద ఏ దినముననైనను భాగపు దావా రావచ్చును. అప్పుడు కొన్నవారు మొదట పట్టుకొనునది అమ్మినవారినే.

ఏలయనగా, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షను అమ్మువానిపై కొన్ని బాధ్యతలను తానుగా మోపుచున్నది. ఆస్తిలోగాని, హక్కులోగాని తనకు తెలిసియు కొనువానికి సులువుగా తెలియరాని లోపమున్నచో చెప్పవలెను, కాగితములు చూపవలెను, అమ్మకపు తేదీవరకు పన్నులు చెల్లింపవలెను, అన్నిటికి మించి, తనకు అమ్ముటకు అధికారము కలదని అమ్మువాడు పూచీ పడినట్లే చట్టము భావించును, ఆ మాట దస్తావేజులో వ్రాసినను వ్రాయకున్నను. ఆ పూచీ తొలుత కొన్నవానితో ఆగదు. వానివద్ద కొన్నవానికిని సంక్రమించును. ఇక మన దస్తావేజు లేఖరులు దానికితోడు, ఎట్టి తగాదా వచ్చినను నా సొంత ఖర్చులతో పరిష్కరించి, నష్టము నా ఇతర ఆస్తులనుండి ఇచ్చుకొందునని మరియొక వాక్యము చేర్తురు. రాజమండ్రిలో కూతురి ఇంట ఒక గదిలో నుండబోవు వృద్ధురాలికి ఇతర ఆస్తులేవి? అమ్మగా వచ్చిన పైకము తప్ప వేరేమియు లేదు. కావున ఆ పూచీ ఎంతవరకు, ఎంతకాలము, ఏ లోపమునకు అన్నది అమ్మువాని పక్షమున ఆలోచించి వ్రాయవలెను. అది కొనువారి లేఖరి చేయు పని కాదు, చేయుమని అడుగుటయు న్యాయము కాదు.

ఆమె అగ్రిమెంటులో ఇంకను రెండు ముండ్లున్నవి. మూడు నెలలలో రిజిస్ట్రేషను చేయనిచో బయానాకు రెట్టింపు తిరిగి ఇచ్చుకొనవలెననునది ఒకటి. అగ్రిమెంటు నాడే తాళపుచెవి అప్పగింపవలెననునది రెండవది. కొడుకు అమెరికాలోనున్నాడు, వాని కాగితము వచ్చుటకే మూడు నెలలు పట్టును. ఇంక స్వాధీనము ముందుగా ఇచ్చిన అగ్రిమెంటునకు మన రాష్ట్రములో విక్రయ దస్తావేజుతో సమానముగా స్టాంపు సుంకము పడును. అది అటుండగా, పూర్తి సొమ్ము ముట్టకమునుపే ఇంటిలో కూర్చున్నవానిని లేపుట ఎంత కష్టమో కోర్టు గుమ్మములో తిరిగినవారికి చెప్పనక్కరలేదు. “మీకు తొందరేమిటి పిన్నిగారూ? మీరింకొక ఇల్లు కొనడం లేదు కదా. మీమీద గడువు పెట్టే హక్కు వాళ్ళకి ఎవరిచ్చారు?” అని నేనడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, “అవునండి. సంక్రాంతి ఆ ఇంట్లోనే చేసుకుని పోవాలని నాకుందండి. అడగడానికి మొహమాటపడ్డాను” అనెను. ఆ మొహమాటమునకు ఒక మూల్యముండును. దానిని చెల్లించువారు ఎల్లప్పుడును అమ్మువారే.

సొమ్ము సంగతి వివరముగా చెప్పెదను. మనదేశములో విక్రయ దస్తావేజు రిజిస్టరైన పిమ్మట, సొమ్ము కొంత ముట్టకపోయినను, ఉభయుల ఉద్దేశము హక్కు బదిలీ చేయుటయే యైనచో హక్కు పోవును. సొమ్ము రాలేదన్న కారణమున దస్తావేజు రద్దు కాదనియు, సొమ్ముకై వేరుగా దావా వేసికొనవలెననియు 2020 జూలైలో సుప్రీంకోర్టు గుజరాత్ రైతుల భూమి వ్యవహారములో చెప్పినది. అమ్మినవాడు ఒక్కడే పోయి రద్దు దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేయించుకొనుటయు చెల్లదని అంతకుముందే మన రాష్ట్రపు కేసులోనే 2010లో తీర్పు వచ్చినది. ముట్టని సొమ్మునకు ఆ ఆస్తిమీదనే అమ్మినవానికి చట్టము ఒక భారము కల్పించినమాట నిజము. కాని దస్తావేజులో “పైకము యావత్తు ముట్టినది” అని సంతకము చేసినవాడు ఆ భారమును నిరూపించుకొనుట ఎట్లు? కావున బ్యాంకు డ్రాఫ్టు నెంబరు, తేదీ, మొత్తము దస్తావేజులో వ్రాయించి, ఆ డ్రాఫ్టు చేతికి వచ్చిన పిమ్మటనే రిజిస్ట్రారు ముందు వేలిముద్ర వేయవలెను.

“రిజిస్టరు ధర ఇంత చూపిద్దాం, మిగతాది చేతికి ఇస్తాం” అను బేరము మన సీమలో వింత కాదు. దానివలన కొనువానికి స్టాంపు సుంకము కలిసివచ్చును, అమ్మువానికేమి కలిసివచ్చును? స్థిరాస్తి వ్యవహారములో 20,000 రూపాయలుగాని అంతకు మించిగాని రొక్కముగా పుచ్చుకొనరాదని 2015 జూన్ 1 నుండి నిషేధమున్నది. తప్పినచో జరిమానా పుచ్చుకొన్నవానికే, పుచ్చుకొన్నంత మొత్తము. చేతికి వచ్చిన ఆ సొమ్ము బ్యాంకులో వేయుటకు వీలులేదు, లెక్క చెప్పుటకు వీలులేదు. మరియొక ఆస్తి కొనువాడు దానిని అందులో ముంచివేయునేమో. కొననివాడు దానిని బీరువాలో పెట్టుకొని దొంగకును, అడిగిన బంధువునకును కాపలా కాయవలసినదే.

ఆదాయపు పన్ను విషయములోనైతే కొనువానిని, కొననివానిని చట్టమే వేరు చేసి చూచుచున్నది. రెండేండ్లకు మించి తనదిగానున్న ఇల్లమ్మి, ఆ లాభముతో రెండేండ్లలో మరియొక ఇల్లు కొన్నవానికి గాని, మూడేండ్లలో కట్టుకొన్నవానికి గాని మినహాయింపు కలదు. కొననివానికి ఆ త్రోవ లేదు. అయితే త్రోవలన్నియు మూతపడలేదు. అమ్మిన ఆరు నెలలలోపల ప్రభుత్వము నిర్ణయించిన రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ వంటి సంస్థల బాండ్లలో 50 లక్షల రూపాయలవరకు లాభమును పెట్టినచో అంతమేరకు పన్ను పడదు; ఐదేండ్లు కదపరాదు. ఇల్లు వద్దనుకొన్న వృద్ధులకు ఇది తగిన మార్గము, కాని ఆ ఆరు నెలల గడువు తెలియక పోగొట్టుకొన్నవారిని నేనెరుగుదును. ఇక పన్ను లాభముమీదనే గాని అమ్మిన మొత్తముమీద కాదు. 2001కి పూర్వపు ఆస్తికి కొన్నప్పటి ధరకు బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువను లెక్కకు తీసికొనవచ్చును. 2024 జూలై 23 నుండి పన్నురేటు పన్నెండున్నర శాతమయ్యెను. ఆ తేదీకి పూర్వము సంక్రమించిన ఇల్లు, స్థలము అమ్ము స్వదేశవాసులకు ధరల పెరుగుదలను తీసివేసి 20 శాతముచొప్పున లెక్కగట్టి, రెండింటిలో తక్కువది చెల్లించు వీలుకూడ కల్పించిరి. మునిసిపాలిటీ హద్దునుండి, దాని జనసంఖ్యనుబట్టి, రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్ల దూరము దాటిన పల్లెటూరి వ్యవసాయభూమి అమ్మకమునకు ఈ పన్నే లేదు. అయితే మన తీరమున వరిచేలు రొయ్యల చెరువులైనవి. చెరువైన చేను వ్యవసాయభూమియేనా అని అధికారి అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానమును అమ్మకమునకు ముందే ఆడిటరుచేత చెప్పించుకొనుట మేలు.

పొలములను గూర్చి మాట వచ్చినది గనుక మరి రెండు సంగతులు. కౌలునకిచ్చిన పొలమమ్ముటకు ముందు కౌలుదారుని హక్కు సంగతి విచారించుకొనవలెను, దానిని విస్మరింపరాదు. పేరుపాలెము ప్రక్కన సముద్రపు టొడ్డున నున్న నేల అమ్మువారు, పోటు గీతకు 500 మీటర్లలోపలి భూమిపై కట్టడములకు కేంద్రప్రభుత్వపు తీర నియంత్రణలున్నవని కొనువారికి ముందే చెప్పవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూమియైనచో 1977 చట్టపు నిషేధము, దానికి తరువాత వచ్చిన సడలింపులు చూడనిదే బయానాకు చేయి చాపరాదు.

మొగల్తూరు రాజుల కోటయున్న ఊరు, జమీందారీ గ్రామము. 1948 చట్టముతో జమీందారీలు రద్దయి రైతువారీ వచ్చినప్పుడు పొలములకు పట్టాలు కుదిరినవి గాని, ఊరినడుమ ఇండ్లున్న గ్రామకంఠమునకు ఎవరి పేరను పట్టా లేకపోయెను. తాత కట్టెను, తండ్రి ఉండెను, నేనుంటిని, కాగితమెక్కడిది? అట్టి ఇల్లమ్ముటకు పాత పన్ను రసీదులు, పంచాయతీ వారి ధ్రువపత్రము, ఇరుగుపొరుగు దస్తావేజులలో హద్దుగా మన పేరున్న ఆధారములు పోగుచేయుట ఒక చిన్న పరిశోధన. భారము లేదను ధ్రువపత్రము, మనవారు ఇ.సి. అందురే అది, 1998లో రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటర్లు వచ్చినప్పటినుండి సులభమైనది. 1983 నుండి లెక్కలు కంప్యూటరులో దొరకును. అంతకు పూర్వపువి కచేరీలోని పాత పుస్తకములలో వెదకించవలెను. ఎప్పుడో తీర్చిన తనఖా ఒకటి చెల్లు వేయక అందులో మిగిలియుండుట నేను పలుమారులు చూచితిని. కొనువారి వకీలు కనుగొని ధర తగ్గించుటకు పూర్వమే అమ్మువారు దానిని కనుగొని చెల్లు వేయించుకొనవచ్చును గదా!

ఆ వృద్ధురాలి కథకు మరల వచ్చెదను. తహశీల్దారు కచేరిలో కుటుంబసభ్యుల ధ్రువపత్రము తీయించితిమి. కొడుకు అచ్చటి భారత కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి పంపెను. అది మనదేశము చేరిన మూడు నెలలలో ఇచ్చటి స్టాంపు సుంకము కట్టించితిమి. ఆ అధికారము చెల్లెలి పేర, ఆ ఒక్క ఇల్లమ్ముటకు మాత్రమే వ్రాయించితిని. కొనువారి పేర వ్రాయుమని వారు కోరిరి గాని నేనొప్పుకొనలేదు. జనరల్ పవర్ చేత అమ్మకము జరిగినట్లు కాదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చిచెప్పిన తరువాత కూడ, కొనువారికే పవర్ వ్రాసియిచ్చి ఇంటికి పోవు అమాయకత్వము తగదు. విస్తీర్ణము 363 గజములుగా దిద్దించితిమి. గడువు ఎనిమిది నెలలు. స్వాధీనము పూర్తి సొమ్ము ముట్టిన నాడు. సంక్రాంతి ఆమె ఆ ఇంటనే చేసికొనెను. కొనువారు కోపగించుకొనిరా యందురా? లేదు. వారికిని కొడుకు, కూతురు సంతకములతో కూడిన నిష్కళంకమైన దస్తావేజు దొరకెను. వారు నాకు కృతజ్ఞతయే చెప్పిరి.

రిజిస్ట్రేషను నాటికి ఆమెకు మోకాళ్ళనొప్పి హెచ్చెను. నడువలేని వ్యాధిగ్రస్తుల ఇంటికే రిజిస్ట్రారు వచ్చి సంతకము తీసికొను ఏర్పాటు 1908 చట్టములోనే కలదని చెప్పితిని; ఆమె మాత్రము కచేరికే వత్తుననెను. ఫోటో తీయించుకొని, వ్రేళ్ళకంటిన రంగు పమిటచెంగున తుడుచుకొని, డ్రాఫ్టు నా చేతికిచ్చి మరల చదివించుకొనెను. తాళపుచెవి అప్పగించుటకు ముందు పంచాయతీ పన్ను, కరెంటు మీటరు క్రొత్తవారి పేరికి మార్చుటకు అర్జీలపై వారిచేత సంతకములు చేయించితిమి. అట్లు చేయనిచో ఆ ఇంటి బకాయిలు ఆమె పేరనే పెరుగుచుండును.

ఇంక చివరి మాట, ఇది ప్లీడరు మాట కంటె పెద్దకొడుకు మాట అనుకొనుడు. ఇల్లు పోయిన తరువాత ఆ పైకమే మీ ఇల్లు. ఆమె తన మూడవవంతును తన పేరనే, రెండు బ్యాంకులలో వేసికొనెను. బ్యాంకు దివాలా తీసినచో ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి ఐదు లక్షలవరకే బీమా కలదు. మనుమని చదువునకు కొంత ఇచ్చెను; అంతయు ఇయ్యలేదు. పోషింతుమను షరతుతో బిడ్డలకు ఆస్తి వ్రాసియిచ్చి, వారు పోషింపనిచో ఆ దానమును రద్దు చేయించుకొను వీలు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టములో కలదు. అయితే ఆ షరతు కాగితముమీద వ్రాసియుండుట మేలు. తల్లి బిడ్డమీద షరతు వ్రాయుటయా యని సంకోచించువారికి నేను చెప్పునదొక్కటే: షరతు వ్రాయించినందుకు చెడిన తల్లిని నేను చూడలేదు, వ్రాయించనందుకు కోర్టు అరుగుమీద కూర్చున్న తల్లులను చూచితిని.

ఫీజిచ్చుకొను శక్తి లేదని ఎవరును వెనుకాడవలదు. 1987లో చేసి 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చిన న్యాయసేవల చట్టము ప్రకారము ఉచిత న్యాయసహాయమనగా కోర్టులో వాదించుట మాత్రమే కాదు, న్యాయవిషయములలో సలహా యిచ్చుటయు దానిలోనిదే. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, పిల్లలకు, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేక ఆ హక్కు కలదు; ఇతరులకు ఆదాయపరిమితిని బట్టి కలదు. అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెండ్ర మధ్య భాగపు చిక్కున్నచో లోక్ అదాలత్తులో కోర్టు ఫీజు లేకయే రాజీ చేసికొనవచ్చును. ఆ రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు.

మొగల్తూరు, పేరుపాలెము, ముత్యాలపల్లి ప్రాంతములందలి శ్రోతలారా, మీలో ఎవరైనను ఇల్లో పొలమో అమ్మి మరియొకటి కొననిచో, అగ్రిమెంటు మీద సంతకము చేసిన పిమ్మట కాదు, చేయకమునుపే, ఆ కాగితమును, మీ రేకుడబ్బాలోని పాత దస్తావేజుతోకూడ, నరసాపురపు కోర్టు ఆవరణలోనున్న న్యాయసేవా సంఘమునకు తీసికొనిపోవుడు. పోలేనివారు 15100 నెంబరుకు ఫోను చేయుడు. అందుకు రుసుము లేదు.